లండను బీరు కార్ఖానాలు నేర్పిన పాఠములు

రాత్రి పాలు కాచి, గోరువెచ్చగ చల్లార్చి, చెంచాడు మజ్జిగ తోడువేసి మూత పెట్టుట మన యిండ్లలో నిత్యము జరుగు పని. పాలు మరీ వేడిగ నున్నచో విరిగిపోవును. మరీ చల్లగ నున్నచో తోడుకొనవు. మంచి తోడు వేసినచో పెరుగు కమ్మగ నుండును. చెడిన తోడు వేసినచో పెరుగు జిగురెక్కి తీగలు సాగును. ఈ సంగతులన్నియు ఏ గ్రంథమును చదువకయే మన తల్లులు ఎరుగుదురు. కాని "ఎంత వేడి?" అనియు, "ఆ తోడులో నున్నదేమి?" అనియు ప్రశ్నించినచో సమాధానము వారి చేతి అలవాటులో నున్నదే గాని మాటలలో చెప్పుటకు వీలులేదు.

పదునెనిమిదవ శతాబ్దమున లండను నగరములో బీరు తయారుచేయువారి స్థితియు ఇట్టిదే. అయితే వారు తోడువేయునది గిన్నెడు పాలు కాదు, వేలకొలది పీపాల ద్రవము. గిన్నెడు పెరుగు చెడినచో పారబోయుదుము. ఒక పెద్ద తొట్టి బీరు చెడినచో యజమాని దివాలా తీయవలసినదే. అందుచేత మన తల్లులు అడుగనక్కరలేని ఆ రెండు ప్రశ్నలను లండను వ్యాపారులు అడుగవలసివచ్చెను. వాటికి సమాధానములు దొరకుటకు నూరేండ్లకు పైగా పట్టెను.

ఆ కాలమున లండను బీరు కార్ఖానాలకు వేరువేరు పనులపై వెళ్లిన కొందరి కథయే ఈ వ్యాసము. ఒకరు చేతిలో గాజుబుడ్డిని పోలిన పరికరముతో వెళ్లిరి. ఒకరు కలరా మృతుల జాబితాతో వెళ్లిరి. ఒకరు సూక్ష్మదర్శినిలో చూడవలెనని వెళ్లిరి. బీరు మత్తు కలిగించు పానీయము. దానిని మెచ్చుకొనుట ఇచ్చట ఉద్దేశము కాదు. ఒక వృత్తిలోని చేతి నేర్పు కొలతగా, కొలత శాస్త్రముగా మారిన తీరును చూపుటయే ఉద్దేశము.

బీరు తయారగు విధము

బీరునకు ముఖ్యమైన ముడిసరుకు బార్లీ. గింజలను నానబెట్టి, మొలకెత్తించి, మొలక కొంత పెరుగగనే వేడిగాలిలో ఆరబెట్టుదురు. ఇట్లు తయారైన గింజలను మాల్టు అందురు. మన పల్లెలలో రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, విసరి పసిపిల్లలకు జావ కాచుట ఇట్టి పనియే. మొలకెత్తు గింజలో ఎంజైములు అను పదార్థములు సిద్ధమగును. పగులగొట్టిన మాల్టును సుమారు 65 డిగ్రీల సెంటిగ్రేడు వేడినీటిలో గంటసేపు ఉంచినచో, ఈ ఎంజైములు గింజలోని పిండిపదార్థమును చక్కెరగా మార్చును. నీటి వేడి 80 డిగ్రీలు దాటినచో ఎంజైములు చెడిపోవును. వేడి చాలనిచో వాటి పని మందగించును.

ఇట్లు వచ్చిన తీపినీటిని వడకట్టి, హాప్సు అను తీగమొక్క పూలను చేర్చి మరిగింతురు. బీరునకు చేదును, కొంతకాలము నిలువయుండు గుణమును హాప్సు వలన కలుగును. పిదప దానిని చల్లార్చి ఈస్టును చేర్తురు. ఈస్టు ఏకకణజీవి, ఒక విధమగు శిలీంధ్రము. అది చక్కెరను వాడుకొని ఆల్కహాలును, కార్బన్ డయాక్సైడు వాయువును పుట్టించును.

తాటిచెట్టునుండి కారు తీయని నీరు కుండలో పడిన కొద్ది గంటలకే నురగలెత్తి కల్లగుటకు కారణము కూడ ఈస్టే. కుండ లోపల సున్నము పూసినచో ఈస్టు పెరుగజాలదు. అపుడు లభించునది పులియని నీరా. మన గీతపనివారు ఈస్టు పేరు వినకయే దానిని ఆపు ఉపాయము నేర్చిరి. లండను వృత్తివారి నేర్పును ఇట్టిదే. నీటిని మరిగించి, చల్లారు కొలది చూచుచు, ఆవిరి తగ్గి నీటిలో తన ముఖము స్పష్టముగ కనబడు వేళ మాల్టును పోయుట వారిలో పాత ఆచారము. కొందరు వ్రేలు ముంచి చూచెడివారు.

కూలీల పానీయము

1720 ప్రాంతమున లండనులో నల్లని, చేదైన ఒక బీరు ప్రచారములోనికి వచ్చెను. రేవులలోను, వీధులలోను బరువులు మోయు కూలీలను ఇంగ్లీషువారు పోర్టర్లు అందురు. వారు మెచ్చి త్రాగుటచే ఆ బీరునకును పోర్టరు అను పేరే వచ్చెను. దీనిని పెద్ద తొట్టెలలో నెలల తరబడి మాగనిచ్చెడివారు. ఎంత పెద్ద తొట్టిలో మాగినచో అంత మంచిదని నమ్మకము. కావున ఈ వ్యాపారము చిన్నవారి చేతులనుండి జారి, పెద్ద పెట్టుబడి గలవారి చేతులలో పడెను.

వారిలో ప్రసిద్ధుడు శామ్యూల్ విట్‌బ్రెడ్. అతడు 1742లో భాగస్వాములతో వ్యాపారము ప్రారంభించి, 1750లో చిస్‌వెల్ వీధిలో గొప్ప కార్ఖానాను నెలకొల్పెను. 1796లో ఆ కార్ఖానా ఒక్క సంవత్సరములో రెండు లక్షల పీపాలకు మించి బీరును తయారుచేసెను. పీపా అనగా 36 గ్యాలనులు. మన లెక్కలో అది మొత్తము మూడు కోట్ల లీటర్లకు పైమాట. నాడు లండనులో అంతటి ఉత్పత్తి గల మరియొక బీరు కార్ఖానా లేదు.

పరిమాణము పెరిగినంత వేగముగ జ్ఞానము పెరుగలేదు. దీనికి ఒక దారుణ నిదర్శనము 1814 అక్టోబరు 17వ తేదీన కనబడెను. టాటెన్‌హామ్ కోర్టు రోడ్డులోని మ్యూ కంపెనీవారి కార్ఖానాలో 22 అడుగుల ఎత్తుగల కొయ్య తొట్టి యొకటి కలదు. అందు 3,500 పీపాలకు పైగా పోర్టరు నిండియుండెను. ఆనాటి సాయంకాలము తొట్టికి బిగించిన ఇనుప కట్టు ఒకటి జారిపడెను. కట్లు జారుట ఏటేట రెండు మూడుసార్లు జరుగునదే యని గుమాస్తా దానిని అంతగా పట్టించుకొనలేదు. సుమారు గంటకు తొట్టి పగిలెను. ఆ ఉరవడికి ప్రక్కనున్న తొట్టెలును చెడి, కార్ఖానా గోడ కూలి, బీరు వెల్లువవలె ప్రక్కనున్న పేదల పేటపై పడెను. ఎనిమిదిమంది మరణించిరి. వారందరు స్త్రీలును, పిల్లలును. విచారణ జరిపినవారు ఇది దైవికమని తీర్పు చెప్పిరి. ద్రవము లోతు పెరుగు కొలది అడుగున ఒత్తిడి పెరుగునని పాస్కలు పదునేడవ శతాబ్దముననే చూపియుండెను. ఇరువది రెండడుగుల లోతు ద్రవము అడుగు పలకలపై ఎంత ఒత్తిడి కలిగించునో హైస్కూలు విద్యార్థి నేడు లెక్కకట్టగలడు.

మొదట వచ్చినవి కొలతలు

వేడిని కొలుచుటకు వ్రేలికి బదులు థర్మామీటరును వాడవలెనని గ్రంథముగా వ్రాసిన బీరు వ్యాపారి మైకేల్ కాంబ్రూన్. ఈతని మొదటి గ్రంథము 1758లోను, దానిని విస్తరించి వ్రాసినది 1762లోను వెలువడెను. ఫారెన్‌హీటు పాదరసపు థర్మామీటరును చేసి అప్పటికి నలుబదియేండ్లు మాత్రమే గడచినది. ఒక శాస్త్ర పరికరము ప్రయోగశాల దాటి కార్ఖానాలో అడుగిడుటకు ఇది తొలి ఉదాహరణలలో నొకటి.

రెండవది హైడ్రోమీటరు. మనదేశమున పాలలో నీరు కలిపినది లేనిది చూచుటకు వాడు లాక్టోమీటరును చాలమంది విద్యార్థులు చూచియుందురు. రెండింటి సూత్రము ఒక్కటే. ద్రవము చిక్కగ నున్నకొలది అది పైకి తేలును. పలుచగ నున్నకొలది లోనికి మునుగును. మాల్టునుండి దిగిన తీపినీటిలో చక్కెర ఎంత యున్నదో దీనిచే తెలియును. పులిసిన తరువాత చక్కెర తగ్గి, నీటికన్న తేలికయైన ఆల్కహాలు చేరుటచే పరికరము మరింత లోనికి దిగును. రెండు కొలతల భేదమును బట్టి ఎంత చక్కెర ఆల్కహాలుగా మారినదో లెక్కింపవచ్చును.

హాంప్‌షైరునకు చెందిన జేమ్సు బేవర్‌స్టాకు అను యువకుడు ఈ పరికరమును బీరు పనిలో వాడుటకు పూనుకొనెను. తండ్రికి ఇట్టి క్రొత్త పోకడలు గిట్టవు. కావున థర్మామీటరును సయితము దాచి వాడవలసి వచ్చెడిది. 1768లో అతడు బెంజమిన్ మార్టిన్ అను పరికరముల వర్తకుని హైడ్రోమీటరును సంపాదించి పరీక్షలు చేసెను. పిదప దానిని తీసికొని లండనుకు వచ్చి విట్‌బ్రెడ్‌ను దర్శించెను. ఆ గొప్ప వ్యాపారి ఈ పగటికలలు మాని యింటికిపోయి పని చూచుకొమ్మను ధోరణిలో అతనిని పంపివేసెను. సదర్కులోని హెన్రీ త్రేల్ అను మరియొక వ్యాపారి మాత్రము ఆదరించెను. 1784లో హల్ నగరవాసియగు జాన్ రిచర్డ్‌సన్ ఇట్టి పరికరమునే శాక్కరోమీటరను పేర సంస్కరించి, దాని వాడుకను గూర్చి గ్రంథము ప్రకటించిన తరువాత అది విరివిగా వ్యాపించెను.

ఈ చిన్న గాజుబుడ్డి వలన కలిగిన మార్పు గమనింపదగినది. పోర్టరునకు రంగునిచ్చుటకు గోధుమవర్ణపు మాల్టును వాడుట నాటి ఆచారము. అది చౌక. కాని హైడ్రోమీటరుతో కొలిచి చూడగా, బాగుగ కాల్చిన మాల్టునుండి దిగు చక్కెర తక్కువయనియు, వెల ఎక్కువయైనను లేతరంగు మాల్టే లాభకరమనియు తేలెను. కాల్చు వేడికి ఎంజైములు చెడుటయే అందులకు ముఖ్య కారణమని మనకు నేడు తెలియును. వ్యాపారులు లేత మాల్టునకు మరలిరి. అపుడు నల్లని రంగునకు లోటు వచ్చెను. కొందరు మాడ్చిన చక్కెర మొదలగు వాటిని కలుపసాగిరి. ప్రభుత్వము వాటిని నిషేధించెను. తుదకు 1817లో డేనియల్ వీలర్ అనునతడు తిరుగు పీపాలో మాల్టును కాఫీగింజలవలె నల్లగ వేయించు పద్ధతికి పేటెంటు పొందెను. కొద్దిపాటి నల్లమాల్టుతో తొట్టెడు బీరునకు రంగు వచ్చెను. కంటికి కనబడు రంగును నమ్మి శతాబ్దముపాటు సాగిన ఆచారము ఒక కొలత దెబ్బకు మారిపోయినది.

రాజుగారి రాక

విట్‌బ్రెడ్ హైడ్రోమీటరును త్రోసిపుచ్చినను, ఆవిరి యంత్రమును మాత్రము త్రోసిపుచ్చలేదు. మాల్టును పగులగొట్టుటకును, నీటిని తోడుటకును కార్ఖానాలో గుర్రములు గానుగ ఎద్దులవలె చక్రమును త్రిప్పెడివి. 1785లో బౌల్టన్, వాట్‌గార్లు నిర్మించిన ఆవిరి యంత్రమును అచ్చట నెలకొల్పిరి. 1787 మే నెలలో మూడవ జార్జి చక్రవర్తి రాణితో వచ్చి కార్ఖానాను, యంత్రమును చూచిపోయెను.

ఆ యంత్రము 1887 వరకు, అనగా నూటరెండు సంవత్సరములు పనిచేసెను. తరువాత దానిని ఆస్ట్రేలియాకు పంపిరి. వాట్ యంత్రములలో చక్రమును త్రిప్పు జాతికి చెందినవానిలో నేటికి మిగిలియున్న వాటన్నిటికన్న పాతది ఇదియే. సిడ్నీ నగరపు వస్తుప్రదర్శనశాలకు చెందిన సంపదలలో అది యొకటి.

డాక్టరు స్నో వేసిన లెక్క

ఇక రెండవ దర్శకుని చూతము. 1854 ఆగస్టు చివర లండనులోని సోహో పేటలో కలరా చెలరేగెను. పదిరోజులలో అయిదువందలమందికి పైగా చనిపోయిరి; చివరకు మృతుల సంఖ్య 600 దాటెను. కలరా చెడుగాలి వలన వ్యాపించునని నాటి వైద్యులలో హెచ్చుమంది నమ్మకము. జాన్ స్నో అను వైద్యుడు అది నీటివలన వ్యాపించునని అంతకు అయిదేండ్ల ముందే వ్రాసియుండెను. ఇపుడు అతడు మృతుల జాబితాను తీసికొని యిల్లిల్లు తిరిగి విచారింపగా, వారిలో హెచ్చుమంది బ్రాడ్ వీధిలోని చేతిపంపు నీరు త్రాగినవారని తేలెను.

అయితే ఆ పంపునకు చేరువనే ఒక వింత కనబడెను. అదే వీధిలో నున్న బీరు కార్ఖానాలో డెబ్బదిమందికి పైగా పనివారు కలరు. వారిలో నొక్కరును కలరాతో చనిపోలేదు. స్నో అచ్చటికి వెళ్లి యజమానిని విచారించెను. పనివారికి కొంత బీరు ఉచితముగ లభించుననియు, వారు నీరు త్రాగుటయే లేదనియు, వీధిపంపు నీటిని ఎన్నడును ముట్టరనియు ఆయన నమ్మకముగ చెప్పెను. కార్ఖానాకు సొంతముగ లోతైన బావి యొకటి కలదు. అదిగాక కొళాయి నీరును కలదు.

ఇచ్చట తొందరపాటు మనిషి ఏమనును? "బీరు కలరాకు మందు" అనును. స్నో అట్లనలేదు. ఆయన యౌవనము నుండియు మద్యపాన నిషేధమును ప్రచారము చేసిన వ్యక్తి. అయినను తన యిష్టానిష్టములకు చోటీయక మరికొన్ని తావులను పరిశీలించెను. సమీపముననే నిరుపేదల శాల యొకటి కలదు. అందు 535 మంది యుండిరి. కలరాతో చనిపోయినవారు అయిదుగురు మాత్రమే. చుట్టుపట్లవలె చనిపోయినచో నూరుమందికి పైగా పోవలసినదని స్నో లెక్కకట్టెను. ఆ శాలకును సొంత బావి కలదు. అదే బ్రాడ్ వీధిలో తుపాకులకు వలసిన పేలుడు టోపీలు చేయు కార్ఖానాలో సుమారు 200 మంది పనివారు కలరు. వారి కొరకు తొట్టెలలో పంపునీరే నింపియుంచెడివారు. వారిలో 18 మంది మరణించిరి.

మూడు తావులను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో విషయము తేటపడును. బీరు కార్ఖానాయు, నిరుపేదల శాలయు బ్రతికి బయటపడుటకు ఉమ్మడి కారణము వీధిపంపును ముట్టకుండుట. బీరులోని ఆల్కహాలు ఎవ్వరిని కాపాడలేదు. బీరు తయారీలో నీటిని మరిగింతురు కావున అందు కలరా క్రిములు మిగులవు. పైగా వారి నీరే వేరు. 1854 సెప్టెంబరు 8వ తేదీన అధికారులు పంపు పిడిని తొలగించిరి. అప్పటికే వ్యాధి తగ్గుముఖము పట్టినదని స్నోయే వ్రాసెను. పిడి తీయుటవలననే వ్యాధి ఆగినదని ఆయన గొప్పలు చెప్పుకొనలేదు. కలరాతో పోయిన ఒక పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీరు పడిన మురుగుగుంట ఆ బావికి మూడడుగుల దూరమున కారుచుండెనని తరువాత బయటపడెను.

జబ్బుపడినవారిని చూచుట వైద్యుని పని. జబ్బుపడనివారిని గూడ చూచుట శాస్త్రజ్ఞుని పని. స్నో రెండును చేసెను. 1884లో రాబర్టు కాక్ కలకత్తాకు వచ్చి కలరా బాసిల్లసును వేరుపరచి, అచ్చటి ఒక చెరువు నీటిలో సయితము దానిని చూపగలిగెను. స్నో 1858లోనే మరణించుటచే దానిని చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను.

పాశ్చరు చూచినది

మూడవ దర్శకుడు లూయీ పాశ్చరు. తోడులో నున్నదేమి యను ప్రశ్నకు ఫ్రాన్సులో కాన్యార్ లాటూరు, జర్మనీలో ష్వాను, క్యూట్‌జింగు 1837 ప్రాంతమున వేరువేరుగ సమాధానము చెప్పిరి: ఈస్టు జీవముగల పదార్థము. కాని లీబిగ్ వంటి మహా రసాయనవేత్తలు దీనిని అంగీకరింపలేదు. పులియుట కేవలము రసాయనిక విచ్ఛేదమని వారి వాదము. 1857 నుండి పాశ్చరు చేసిన ప్రయోగములు ఒక్కొక్క విధమగు పులియుటకు ఒక్కొక్క సూక్ష్మజీవి కారణమని చూపెను. పాలు పులియుటకు ఒకటి. చక్కెర ఆల్కహాలగుటకు వేరొకటి.

1870–71 యుద్ధములో ఫ్రాన్సు జర్మనీ చేతిలో ఓడెను. బీరు తయారీలో జర్మనులను మించు విధమున తన దేశమునకు తోడ్పడవలెనని పాశ్చరు పట్టుబట్టెను. ఆ పనిపై 1871 సెప్టెంబరులో లండనుకు వచ్చి ఒక గొప్ప పోర్టరు కార్ఖానాను చూడబోయెను. అది చిస్‌వెల్ వీధిలోని విట్‌బ్రెడ్ కార్ఖానాయేనని చరిత్రకారులు చెప్పుచున్నారు. పోర్టరు ఈస్టును కొద్దిగ తెమ్మని కోరి, సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూచెను. గుండ్రని ఈస్టు కణముల నడుమ సన్నని పోగులవంటి అన్య జీవులు కనబడెను. ఈ ఈస్టు ఏమాత్రము బాగుగ లేదనియు, దీనితో చేసిన బీరు చెడక తప్పదనియు ఆయన నిర్వాహకులతో చెప్పెను. వారు నిర్ఘాంతపోయిరి. రుచి చూడక, వాసన చూడక, పరదేశి ఒకడు గాజుపలకపై చూచి తమ గుట్టు చెప్పుచున్నాడు! చివరకు వారు సంగతి ఒప్పుకొనిరి. తమ బీరు బాగుగ రాకపోవుటచే అంతకుముందే మరియొక కార్ఖానానుండి క్రొత్త ఈస్టును తెప్పించుటకు ఏర్పాటు చేసియుండిరి. కారణము మాత్రము వారికి తెలియదు.

వారము తిరుగకమునుపే పాశ్చరు అదే కార్ఖానాకు మరల వెళ్లెను. అప్పటికి అచ్చట క్రొత్త సూక్ష్మదర్శిని సిద్ధముగ నుండెను. ఈస్టు విషయమున జాగ్రత్తలు మొదలైయుండెను. నూరేండ్ల క్రిందట హైడ్రోమీటరును పగటికలయని త్రోసిపుచ్చిన వ్యాపారసంస్థ, ఇపుడు సూక్ష్మదర్శినిని వారము లోపల కొనెను. ఈ నూరేండ్లలో మారినది యజమానులు మాత్రమే కాదు. చేతి నేర్పు తెలుపలేని దానిని పరికరము తెలుపగలదను నమ్మకము వృత్తిలో వేరూనినది.

పాశ్చరు ఈ అనుభవములను 1876లో బీరును గూర్చిన గ్రంథముగ ప్రకటించెను. బీరు చెడుట ఒక జబ్బు. దానికి కారణము బయటినుండి వచ్చిన సూక్ష్మజీవి యని అందు చూపెను. మనుష్యుల జబ్బులకును ఇట్టి జీవులే కారణమగునేమో యను ఆలోచన అంతటితో ఎంతో దూరము కాదు. పాశ్చరు తొలి వ్యాసములు చదివియే స్కాట్లండులో జోసెఫ్ లిస్టరు 1865 నుండి గాయములకు కార్బాలిక్ ఆమ్లము వాడి శస్త్రచికిత్సను సురక్షితము చేయసాగెను. మితమైన వేడిచే క్రిములను చంపు పద్ధతికి పాశ్చరు పేరే వచ్చెను. నేడు మన యిండ్లకు వచ్చు పాలపొట్లముల మీదను ఆ పేరు కనబడుచున్నది.

శుద్ధమైన తోడు

పాశ్చరు అన్య జీవులను తరిమెను. కాని ఈస్టులోనే మంచి జాతులును, చెడ్డ జాతులును కలవని చూపినవాడు కోపెన్‌హేగన్ నగరమున కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలోని ఎమిల్ హాన్సెన్. అతడు ఒకే ఒక్క కణమునుండి పెంచిన ఈస్టును 1883లో కార్ఖానాలో ప్రవేశపెట్టెను.

1904లో కార్ల్స్‌బెర్గ్ సంస్థకే చెందిన క్లాసెన్ ఒక తమాషా సంగతి కనిపెట్టెను. ఇంగ్లండులో చిరకాలము మాగిన బీరునకు గల ప్రత్యేకమైన రుచికి అసలు ఈస్టు కాక, వేరొక అడవి ఈస్టు కారణము. దానికి బ్రెటనోమైసిస్ అని పేరు పెట్టెను. బ్రిటిషు శిలీంధ్రమని దాని యర్థము. పూర్వము కొయ్య తొట్టెల సందులలో నివసించి పోర్టరునకు రుచినిచ్చినది ఇదియే! శుద్ధి పెరిగినకొలది ఈ రుచి మాయమయ్యెను. ఏది దోషము, ఏది గుణము అనునది సూక్ష్మదర్శిని చెప్పదు. మనము ఏమి కోరుచున్నామో అది చెప్పవలెను.

నేటి లండను

ఇరువదవ శతాబ్దమున చిన్న కార్ఖానాలు పెద్దవానిలో కలిసిపోయెను. చిస్‌వెల్ వీధిలో బీరు తయారీ 1976లో ఆగిపోయెను. బ్రిక్ లేన్‌లో పదునేడవ శతాబ్దమునుండి సాగిన ట్రూమన్ కార్ఖానా 1989లో మూతబడెను. తరువాత గాలి తిరిగెను. 2002లో బ్రిటిషు ప్రభుత్వము చిన్న కార్ఖానాలకు పన్ను తగ్గించెను. 2010 తరువాతి పదేండ్లలో లండనులో బీరు కార్ఖానాల సంఖ్య వేళ్లమీద లెక్కించదగిన స్థితినుండి నూరు దాటెను. ఇటీవల ఖర్చులు పెరిగి కొన్ని మూతబడినవి. బెంగుళూరు, హైదరాబాదు నగరములలోను గత పదిపదునైదేండ్లలో ఇట్టివి కొన్ని వెలసినవి.

థేమ్సు నదికి దక్షిణముగ బెర్మండ్‌సీ పేటలో 1836లో ప్రారంభమైన లండనులోని మొదటి రైలుమార్గము ఇటుక కమానులపై సాగును. ఆ కమానుల క్రింద నేడు చిన్న కార్ఖానాలు వరుసగ నెలకొన్నవి. శనివారములందు జనులు ఒకదానినుండి మరియొకదానికి నడచుచు చూచెదరు. 2009లో ప్రారంభమైన కెర్నెల్ కార్ఖానా పందొమ్మిదవ శతాబ్దపు లండను పోర్టరు పద్ధతులను పునరుద్ధరించినది. తలపై రైలు దడదడలాడుచుండగా, తుప్పుపట్టని ఉక్కు తొట్టెల ప్రక్కన మనకు పరిచితమైన వస్తువులే కనబడును: థర్మామీటరు, హైడ్రోమీటరు, సూక్ష్మదర్శిని. రాజులను రప్పించిన వ్యాపారికి అక్కరకురాని పరికరములు నేడు నలుగురు పనివారుండు కొట్టులోను తప్పనిసరి.

అన్నిటికన్న ఆశ్చర్యకరమైనది ట్రూమన్ ఈస్టు కథ. ఆ కార్ఖానావారు తమ ఈస్టును 1958లో జాతీయ ఈస్టు భాండారమున దాచియుంచిరి. అది నేడు నారిచ్ నగరమున కలదు. కార్ఖానా మూతబడినను ఈస్టు అతిశీతల స్థితిలో నిద్రించుచుండెను. 2010లో ఇద్దరు యువకులు ట్రూమన్ పేరును పునరుద్ధరించి, తరువాత సొంత కార్ఖానా కట్టుకొని, ఆ ఈస్టును మేల్కొలిపి మరల పనిలో పెట్టిరి. అరువదియేండ్లనాటి తోడు పులిసిపోక నిలిచినదన్నమాట. పాశ్చరు, హాన్సెనుల విద్య లేనిచో ఇది సాధ్యము కాదు.

తరగతిలో చేయదగినది

ఉపాధ్యాయులు ఈ చరిత్రలోని రెండు విషయములను సులభముగ చూపవచ్చును. మొదటిది వేడి. మూడు సీసాలలో చక్కెరనీరు పోసి, బజారులో దొరకు రొట్టెల ఈస్టును సమముగ కలిపి, మూతులకు రబ్బరు బుడగలు తగిలించవలెను. ఒకదానిని మంచునీటి గిన్నెలోను, ఒకదానిని గోరువెచ్చని నీటిలోను ఉంచవలెను. మూడవదానిలో ఈస్టును ముందుగనే మరిగించి పోయవలెను. అరగంటలో ఏ బుడగ ఉబ్బునో విద్యార్థులు చూచి, వ్రాసికొని, కారణము చెప్పవలెను.

రెండవది జీవము. ఆ గోరువెచ్చని సీసాలోని చుక్కను గాజుపలకపై వేసి, పాఠశాలలో నుండు మిథిలీన్ బ్లూ ద్రావణమును పలుచగ చేసి ఒక చుక్క చేర్చి సూక్ష్మదర్శినిలో చూడవలెను. చచ్చిన కణములు నీలముగ కనబడును; బ్రతికినవి రంగు లేక యుండును. వందకు ఎన్ని బ్రతికియున్నవో లెక్కింపుడు. పిదప మరిగించిన సీసానుండి ఒక చుక్క తీసి అట్లే లెక్కించి, రెండు అంకెలను నల్లబల్లమీద ప్రక్కప్రక్కన వ్రాయుడు. బెర్మండ్‌సీ కమానుల క్రింది పనివారును తొట్టిలో ఈస్టు చేర్చుటకు ముందు ఇట్టి లెక్కనే వేసికొందురు.